తెల్లగుడ్డ కట్టిన మడి

వర్ని
జూలై 21

చెల్లీ సుకన్యా,

నా చెవులు తప్ప ఒంట్లో అన్నీ బాగానే పనిచేస్తున్నాయి. మొన్న నువ్వు ఫోన్ చేస్తే పక్క పొలం పోశన్న తెచ్చి నా చెవికి ఆనించాడు. ఈగ రొద తప్ప ఏమీ వినపడలేదు. నువ్వు అడిగిందొకటి, నేను చెప్పిందొకటి అని విన్నవాళ్ళంతా ఒకటే నవ్వు. అందుకే ఇకమీదట రాసే పంపుతాను. భూమేష్ కూరగాయల ఆటో వేసుకుని రోజూ నిజామాబాద్ వస్తాడు కదా, మీ టైలరింగ్ దుకాణం ముందు నుంచే పోతాడట. చీటీ వాడి చేతికిస్తాను. నువ్వూ వాడికే ఇయ్యి.

నాట్లు నిన్నటితో అయిపోయాయి. మన నాలుగు మడుల్లో ఈ ఏడు దేవుని వంతు ఎగువ మడికి వచ్చింది. నారు పెట్టక ముందే ఒడ్డు మీద కట్టె పాతి, తెల్లగుడ్డ కట్టి, మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకున్నాను. నాటు వేయడానికి వచ్చినవాళ్ళలో త్రివేణి అని ఒక కొత్త కోడలు ఉంది. అది చూసి నా చెవి దగ్గరకొచ్చి అరిచింది: "పంట పండినంక ఇయ్యరాదా అవ్వా, గిప్పటి సంది గుడ్డ గట్టుడు ఎందుకు?"

మనల్ని కన్న అవ్వ మాటే దానికి చెప్పాను. "పండినంక ఏరితే కన్ను మంచిదాన్ని తన దిక్కే గుంజుతది బిడ్డా. నాటకముందే ఏరాలె." ఆ పిల్లకు ఎంత అర్థమైందో గాని తల మాత్రం ఊపింది. నవంబర్లో పంట పండుగ నాడు ఆ మడి వడ్లన్నీ చర్చికి పోతాయని చెబితే నోరు తెరిచింది.

నీ సోమవారం కుట్టు ఎట్లా ఉంది? మెషిన్ కొన్న రోజు అవ్వ చేతిలో చెయ్యి వేసి ఒప్పుకున్నావు. వారంలో మొదట కత్తెర పెట్టే బట్ట దేవునిది, కుట్టించుకునే స్తోమత లేనివాళ్ళకు ఊరికే కుట్టి ఇవ్వాలి అని. మడి లేనివాళ్ళకు సోమవారమే మడి అని అవ్వ అన్నది నాకు ఇప్పటికీ వినపడుతుంది. చెవులు పోయినా పాత మాటలు పోలేదు.

మరిది రంజిత్‌ను అడిగానని చెప్పు.

నీ అక్క,
విమల


నిజామాబాద్
ఆగస్టు 19

అక్కా,

శ్రావణమాసంలో టైలర్‌కు ఉత్తరం రాయమంటే, పెళ్ళివారి వంటవాణ్ణి వచ్చి కబుర్లు చెప్పమన్నట్టే. దుకాణంలో కాలు పెట్టే చోటు లేదు. నలుగురు అమ్మాయిలు పనిచేస్తున్నా జాకెట్లు గుట్టలు పడ్డాయి. అన్నీ మగ్గం పనివే. ఒక పెళ్ళికూతురు తల్లి మూడుసార్లు వచ్చి నెత్తిన కూచుంది. రంజిత్ ఏమో పక్క గది కూడా తీసుకుని దుకాణం పెంచుదాం అంటున్నాడు. నాకూ అదే మనసు.

దుకాణం మెట్ల మీద కూచుని బీడీలు చుట్టే రాములవ్వ నీకు తెలుసు కదా. నేను షట్టర్ ఎత్తగానే రోజూ ఒకటే మాట: "బిడ్డా, నా రైక ఏమాయె?" రేపవ్వా, రేపు అంటాను. పాపం, గొణుక్కుంటూ మళ్ళీ చాట ఒళ్ళో పెట్టుకుంటుంది.

సోమవారం కుట్టు నడుస్తూనే ఉంది. దాని గురించి బెంగ పెట్టుకోకు.

ఎగువ మడి అంటావా? నవ్వొచ్చింది అక్కా. మెరక మీద ఉండి నీళ్ళందక ఏటా తక్కువ పండేది అదే కదా. ఈ ఏడు దేవుడికి తాలు గింజలు, నీకు బంగారం లాంటి మూడు మడులు. వంతు భలే కలిసొచ్చింది!

నీ సుకన్య


వర్ని
అక్టోబర్ 23

సుకన్యా,

వాన పడింది. నేను బాగానే ఉన్నాను. ఇంట్లోకి నీళ్ళు రాలేదు. పంట పండుగ నవంబర్ పదహారున అని మన పాస్టర్ అయ్యగారు చెప్పారు. నీకు దసరా గిరాకీ అయిపోయి ఉంటుంది, కాస్త నడుం వాల్చు.

భూమేష్ ఆటో స్టార్ట్ చేసి నిలబడ్డాడు. ఉంటాను.

విమల


నిజామాబాద్
అక్టోబర్ 27

అక్కా,

నాకు కోపం వచ్చింది.

వాన పడిందట, బాగానే ఉన్నావట! నీ చీటీ చదివి మంచిదే అనుకుని, వంకాయలు తీసుకుంటూ భూమేష్‌ను మాట వరసకు అడిగాను. "గదేందక్కా, నీకు దెల్వదా? పెద్దక్క మూడు మళ్ళు పడిపోయినయి. కంకుల మీదనే మొలకలొచ్చినయి. ఎగువ మడి ఒక్కటే నిలవడ్డది" అన్నాడు. నేను తూకం దగ్గరే నిలబడిపోయాను.

ఎగువ మడి ఒక్కటే నిలబడిందంటే, నువ్వేం చేయబోతున్నావో నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను. చెయ్యకు. నీ ఏడాది తిండి అందులో ఉంది. మళ్ళీ వేసే యాసంగి పంటకు విత్తనం అందులో ఉంది. బావ పోయాక ఆ నేల తప్ప నీకు ఏం ఆధారం ఉంది? ఆ గుడ్డ తీసి కిందిమడికి కట్టు. అందులో దొరికిన గింజలే చర్చికి ఇయ్యి. దేవుడు మడి చూస్తాడా, మనసు చూస్తాడా? ముసలిదాన్ని పస్తులుంచి ఆయన తింటాడా?

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే. నీ మీద నాకు ప్రేమ లేక ఈ మాట అనడం లేదు.

రెండు బస్తాల బియ్యం నేను పంపుతాను. అది వేరే. కాని ఎగువ మడి వడ్లు నీ ఇంట్లోనే పడాలి. చెల్లెలి మాట ఒక్కసారి విను.

సుకన్య


వర్ని
అక్టోబర్ 31

చెల్లీ,

భూమేష్ నోట్లో నువ్వుగింజ నానదని తెలిసి కూడా వాడి చేతికే చీటీ ఇచ్చాను. తప్పు నాదే. దాచినందుకు కోపం తెచ్చుకోకు. రాస్తే నువ్వు పని వదిలేసి బస్సెక్కుతావని దాచాను.

మూడు మడులూ పోయిన మాట నిజమే. నాలుగు రోజులు నీళ్ళలో పడి ఉన్నాయి. కోత మిషన్ బురదలో దిగలేదు. మొలకలు వచ్చిన వరి కోసి పశువులకు వేశాం. మెరక మీద నీళ్ళు ఆగవు కాబట్టి ఎగువ మడి నిలిచింది. అంతే గాని అద్భుతం ఏమీ కాదు.

నువ్వు చెప్పిన ఉపాయం నీకంటే ముందే పోశన్న చెప్పాడు. నా చెవిలో ఊరంతా వినేట్టు అరిచాడు: "వదినె, గా కట్టె పీకి దిగువ మడిల పాతు. మీ దేవుడేమన్న పట్టా పాసుబుక్కు అడుగుతడా?" నేనూ నవ్వాను. కాని ఆ మాట లోపల నాటుకుంది.

ఇప్పుడు రాసేది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మరునాడు పొద్దున్నే ఒక్కదాన్నే పోయాను, ముడి విప్పడానికి. అవును, నేనే. వానకు తడిసి ఎండకు ఎండి ఆ ముడి బిగుసుకుపోయింది. గోళ్ళతో లాగాను, పళ్ళతో లాగాను, రాలేదు. నడుముకు కొడవలి ఉంది. తీసి గుడ్డ మీద పెట్టాను. అప్పుడు చేయి ఆగింది. ముడి విప్పితే మార్చుకున్నాను అని సర్ది చెప్పుకోవచ్చు. కోస్తే ఏమని చెప్పుకోవాలి? ఒడ్డు మీద కూలబడి ఏడ్చాను. భక్తితో అనుకునేవు, కాదు. రేపు ఏం తినాలి అనే భయంతోనే ఏడ్చాను.

అక్కడ కూచుంటే మనల్ని కన్న బాపు గుర్తుకొచ్చాడు. నువ్వు అప్పటికి చంటిపిల్లవు. మనకు చెరుకు ఉండేది, బోధన్ ఫ్యాక్టరీకి బండ్లు కట్టుకుని పోయేవాడు. ఆ రోజుల్లో పంట పెరిగాకే దేవుని సాలు ఏరేవాళ్ళం. ఒక ఏడు బాపు అడవి పందులు కొరికిన సాలు చూపించి ఇదే దేవునిది అన్నాడు. పండుగ నాడు ఆ కొరికిన గడలు అవ్వ మోపు కట్టి బాపు నెత్తినే పెట్టింది. అందరి ముందు అయ్యగారు వాటి మీద చేతులుంచి ఎంతో మంచిగా ప్రార్థన చేశాడట. ఆ ప్రార్థన వినలేక బాపు తల దించుకున్నాడట. ఆ మరుసటి ఏడు నుంచి నాటకముందే ఏరడం మొదలైంది. కట్టె, తెల్లగుడ్డ బాపు పెట్టినవే. ఆ కట్టె అవ్వ భక్తితో వచ్చింది కాదు, బాపు సిగ్గుతో వచ్చింది.

దేవుడు మనసు చూస్తాడు అన్నావు. నిజమే చెల్లీ. జూలైలో ఎగువ మడికి వంతు వస్తే తక్కువ పండేదే పోతుందిలే అని లోపల సంతోషపడ్డాను. నీకు రాయలేదు గాని నువ్వు నవ్విన నవ్వే నేనూ నవ్వాను. ఆ మనసు కూడా చూశాడు కదా ఆయన. తక్కువది అనుకుని ఇచ్చిన మడి ఇప్పుడు ఎక్కువదైందని తిరిగి తీసుకుంటే, నేను ఏనాడూ ఆయనకు ఇవ్వనట్టే, మిగిలింది పారేసినట్టే.

ఎగువ మడి దేవునిదే. మిషన్ వద్దని కొడవళ్ళతో కోయిస్తున్నాను.

బియ్యం పంపుతానన్నావు. పంపు, తింటాను. నాకు అంత పౌరుషం లేదు.

విమల


నిజామాబాద్
నవంబర్ 3

అక్కా,

బియ్యం భూమేష్ ఆటోలో వేయించాను. నా బియ్యం తిని నీ వడ్లు చర్చికి ఇస్తావు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది. రంజిత్ విని పడీ పడీ నవ్వాడు.

నువ్వు గెలిచావని అనుకోకు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బాపు సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

సుకన్య


వర్ని
నవంబర్ 17

చెల్లీ సుకన్యా,

నీ బియ్యం అన్నం మెత్తగా ఉంది. అల్లుడు దానం చేస్తే అత్తకూ పుణ్యంలో వాటా ఉంటుందని రంజిత్‌తో చెప్పు.

నిన్న పంట పండుగ అయింది. ఈసారి చర్చిలో తోరణాలు ఉన్నాయి గాని కింద పెట్టడానికి పెద్దగా ఏమీ లేవు. కాలువ కింద అందరి పంటా ఒకేలా పోయింది. ఒకరు రెండు గుమ్మడికాయలు తెచ్చారు, ఒకరు కోడిపుంజు. బీర తీగకు మిగిలిన నాలుగు కాయలు తెచ్చి పెట్టి గంగమణి కళ్ళు తుడుచుకుంది. నా వడ్ల బస్తాలు దింపుతుంటే అందరూ పక్కకు జరిగారు. నాకు సంతోషం వేయలేదు, సిగ్గు వేసింది. పస్తున్న ఇంటి ముందు పెళ్ళి భోజనం పెట్టినట్టు అనిపించింది.

ఆరాధన అయ్యాక ఏటా వేలం ఉంటుంది కదా, తెచ్చినవి పాట పెట్టి అమ్మేది. అయ్యగారు, సంఘ పెద్దలు గుసగుసలాడుకున్నారు. తర్వాత వేలం లేదని చెప్పారట. ఊళ్ళో విత్తనానికి పనికొచ్చే వడ్లు ఎవరి దగ్గరా లేవు. అందుకని దేవుని మడి వడ్లు పంట పోయిన ప్రతి ఇంటికీ రెండేసి కుంచాలు కొలిచి ఇస్తాం, చర్చికి వచ్చేవాళ్ళా రానివాళ్ళా అని చూడం అన్నారట. అయ్యగారు కొడుకును పంపి ఊరంతా పిలిపించారు. మైసమ్మ పండుగ చేసుకునేవాళ్ళు, మసీదుకు పోయేవాళ్ళు, అందరూ వచ్చి నిలబడ్డారు.

నేను వెనక బెంచీలో కూచుని చూస్తున్నాను. పేర్లు చదువుతున్నారు. నాకు వినపడదు కదా. ఎంతకూ ఎవరూ లేవకపోతే ఎవరి పేరబ్బా అని అటూ ఇటూ చూశాను. అందరూ నన్నే చూస్తున్నారు. అయ్యగారి భార్య అమ్మగారు వచ్చి చేయి పట్టి లేపింది. నేను ఇచ్చినదాన్ని, నాకెందుకు అని వెనక్కి తగ్గాను. ఆమె చెవిలో అంది: "నీ పంట గూడ పోయింది గద అమ్మా. పంట పోయినోళ్ళ పేర్లే చదువుతున్నరు."

పోయి కొంగు పట్టాను. రెండు కుంచాలు, అందరికీ పోసినట్టే పోశారు. ఒక గింజ ఎక్కువా లేదు, తక్కువా లేదు. సుకన్యా, నాటింది నేను, కలుపు తీసింది నేను, కోయించింది నేను. ఆ వడ్లు నాకు ఎంత బాగా తెలుసు! కాని కొంగులో పడ్డప్పుడు మాత్రం కొత్తగా చూసినట్టనిపించింది. ఇంత కాలం ఆయనకు ఇస్తున్నాను అనుకున్నాను. తీసుకోవడం నిన్నే నేర్చుకున్నాను.

నా వెనక పోశన్న. కండువాలో వడ్లు కట్టుకుని నా చెవి దగ్గరకొచ్చి అరిచాడు: "నేన్ జెప్పలేదా వదినె, మీ దేవుడు పాసుబుక్కు అడగడని!" చర్చి అంతా నవ్వింది.

విత్తనానికి ఉంది. తిండికి నీ బియ్యం ఉంది. వచ్చే ఏడు వంతు చింతచెట్టు మడిది.

విమల


నిజామాబాద్
నవంబర్ 22

అక్కా,

ఈ ఉత్తరం నాలుగు రోజుల నుంచి రాసి చింపేస్తున్నాను.

ముందు ఒక మాట చెప్పాలి. నువ్వు నా అక్కవైనందుకు నాకు గర్వంగా ఉంది. దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ నీ సంగతి చెప్పాను. ఈ మధ్య వస్తున్న ఇంకో పెళ్ళికూతురు తల్లి కూడా జాకెట్ మాట మరిచిపోయి విన్నది. ముడి విప్పబోయి ఆగిన సంగతి మాత్రం చెప్పలేదు, అది నాకు ఒక్కదానికి రాసింది. కాని నాకు అన్నిటికంటే పెద్దగా కనిపించింది అదే. నీకు భయం లేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. భయం ఉండి కూడా కొడవలి వెనక్కి తీశావు.

ఇక రెండో మాట. ఆగస్టులో సోమవారం కుట్టు నడుస్తోందని రాశాను. అబద్ధం.

మొదట్లో నిజంగానే సోమవారం మొదటి బట్ట దేవునిదే. తర్వాత గిరాకీ పెరిగి, ముందు తొందర పని చేసి సాయంత్రం కుడదాం అనుకున్నాను. సాయంత్రం శనివారం అయింది. తర్వాత కొత్త బట్ట ఎందుకు, మిగిలిన ముక్కలు ఉన్నాయి కదా అనుకున్నాను. నిరుడు క్రిస్మస్‌కు నీ చర్చి ఆడవాళ్ళకని పంపిన ఆరు జాకెట్లు గిరాకీల ముక్కలతో అతుకులేసి కుట్టినవే. ఈస్టర్ తర్వాత అదీ లేదు. నువ్వు అడిగినప్పుడల్లా దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను.

రాములవ్వ రైక బట్ట ఆరు నెలలుగా అలమరలో అడుగున ఉంది. సోమవారం కుట్టు కింద ఊరికే కుట్టిస్తానని నేనే పిలిచి తీసుకున్న బట్ట అది. రోజూ ఆమె అడుగుతుంది, రోజూ రేపు అంటాను. ఆమె దగ్గర నాకు సిగ్గు వేసేది కాదు. నీ ఉత్తరం చదివాక షట్టర్ ఎత్తడానికే సిగ్గు వేసింది.

బాపు అయినా కొరికిన చెరుకు మోశాడు. నేను అది కూడా చేయలేదు. గుడ్డ తీసి కిందిమడికి కట్టమని నీకు చెప్పింది ఇందుకేనేమో. నేను ఎప్పుడో కట్టేశాను కాబట్టి.

నన్ను తిట్టు.

సుకన్య


వర్ని
నవంబర్ 26

పిచ్చిదానా,

నాకు తెలుసు.

నిరుడు ఆ ఆరు జాకెట్లు రాగానే తిప్పి చూశాను. చంకల కింద మూడు రంగుల ముక్కలు, లోపల పోగులు ఊడి ఉన్నాయి. నీ చేతి కుట్టు నాకు తెలియదా? అతుకులు విప్పి, లోపల నా పాత చీర వేసి మళ్ళీ కుట్టి పంచాను. అందరూ నిన్ను దీవించారు. ఆ దీవెన నీకు అందితే చాలనుకున్నాను.

చెప్పలేదు ఎందుకంటే, చెబితే నువ్వు నా కోసం కుడతావు, ఆయన కోసం కాదు. అప్పుడప్పుడు సోమవారం గురించి అడిగితే చాలు, ఒక రోజు నీకే గుచ్చుకుంటుందని అడిగాను. తిట్టను. ముడి దాకా పోయినదాన్ని, నిన్నేం తిడతాను?

నా దేవుని మడి వంతు ఏడాదికి ఒక్కసారే వస్తుంది. నీకు సోమవారం వారం వారం వస్తుంది. నా కంటే నీకే దేవుడు ఎక్కువ అవకాశాలు ఇచ్చాడు. ఏడుపు ఆపి కత్తెర తీయి.

విమల


నిజామాబాద్
డిసెంబర్ 1, సోమవారం

అక్కా,

దుకాణంలో కూచునే రాస్తున్నాను. మధ్యాహ్నం భూమేష్ వచ్చేలోపు ముగించాలి.

పొద్దున ఎనిమిదికే షట్టర్ ఎత్తాను. పెళ్ళికూతురి పట్టుజాకెట్ బల్ల మీద ఉంది, సాయంత్రానికి ఇవ్వాలి. తల్లి అప్పుడే వచ్చి కూచుంది. దాన్ని మడిచి పక్కన పెట్టి, అలమర అడుగు నుంచి రాములవ్వ బట్ట తీశాను. "ముందు నాది కాదామ్మా?" అంది ఆమె. "మీది రెండోది. సాయంత్రానికి ఇస్తాను, మాట తప్పను" అన్నాను. ముఖం మాడ్చుకుంది గాని పోలేదు.

అక్కా, ఆ బట్ట మామూలు నూలుదే. కాని పెళ్ళిజాకెట్‌కు ఎంత శ్రద్ధగా కత్తెర పెడతానో అంత శ్రద్ధగా పెట్టాను. అమ్మాయిలకు ఇవ్వకుండా నేనే కుట్టాను. లోపల కొత్త లైనింగ్ వేశాను, మెడకు పైపింగ్ వేశాను, హుక్కులు చేత్తో కుట్టాను. కుడుతున్నంతసేపూ ఏడుపు వస్తుందేమో అనుకున్నాను, రాలేదు. మెషిన్ కొన్న రోజుల్లో పాడుకునే పాటలు నోటికొచ్చాయి. అమ్మాయిలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

పదకొండు గంటలకు మెట్ల మీదకు పోయి రాములవ్వ చేతిలో పెట్టాను. బీడీ చాట పక్కన పెట్టి, ఆకు పొడి అంటిన చేతులు చీరకు తుడుచుకుని, రైక విప్పింది. ముందు చూసింది, వెనక చూసింది. తర్వాత లోపలి వైపు తిప్పి కుట్టు మీద వేలు నడిపింది. పెళ్ళికూతురి తల్లి కూడా లేచి వచ్చి చూసింది.

రాములవ్వ రైక మడిచి నా చేతికే తిరిగి ఇవ్వబోయింది.

"గిది నాది గాదు బిడ్డా. ఎవలదో మారింది, మంచిగ సూడు" అంది.

"మారలేదవ్వా. నీదే" అన్నాను.

ఆమె నమ్మలేదు. ఇంకోసారి అడిగింది. ఇంకోసారి చెప్పాను.

నీ సుకన్య